76 పైసల లెక్క: ఈసీసీ లేని సర్వర్‌లో ఒక్క బిట్ చేసిన పని

ఇది ఒక చిట్‌ఫండ్ సంస్థలో జరిగిన కేసు. గోదావరి జిల్లాల్లో ఒక పట్టణం అని తప్ప ఊరు చెప్పను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. తేడా వచ్చిన మొత్తాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను. కేసు కీలకం ఆ అంకెలోనే ఉంది.

నేపథ్యం

సంస్థకు ఆ పట్టణంలోనే మూడు కౌంటర్లు. చందాదారులు వాయిదాలు ఎక్కువగా నగదుగానే కడతారు. రసీదు కొట్టగానే వివరం పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో చేరుతుంది. సాయంత్రం ఆరింటికి క్యాషియర్ చేతిలోని నగదుకూ కంప్యూటర్ చూపే మొత్తానికీ సరిపోవాలి. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు మంచి పనే చేశారు. దశాంశాల గొడవ లేకుండా ప్రతి మొత్తాన్నీ పైసల్లోకి మార్చి, 64 బిట్ల (ఒక్కోటి 0 లేదా 1) పూర్ణాంకంగా దాచారు.

సర్వర్ అని పిలిచేది నిజానికి అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్. లినక్స్, ఒక ఎస్ఎస్‌డీ, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ ముక్కలు రెండు. ఈసీసీ, అంటే ర్యామ్‌లో మారిన బిట్‌ను పట్టి దిద్దే ఏర్పాటు, లేదు, ఆ బోర్డు దాన్ని పట్టించుకోదు కూడా. క్యాష్ కౌంటర్ వెనక చిన్న గదిలో ఉంటుంది. యూపీఎస్ కంప్యూటర్‌కే గానీ ఏసీకి లేదు. వేసవిలో మధ్యాహ్నం కరెంటు పోతే సర్వర్ నడుస్తూనే ఉంటుంది, గది మాత్రం కాగిపోతుంది. ఇది అప్పట్లో నాకు ముఖ్యమైన విషయంగా తోచలేదు. వార్షిక నిర్వహణ నాదే అయినా ఆ గదిలో ఉష్ణోగ్రత ఎంతో నేను ఎన్నడూ కొలవలేదు.

సమస్య

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం నగదు రూ.10,485.76 తక్కువ వచ్చింది. కౌంటర్‌లో ఉన్నది చేరి ఏడాదైనా కాని అమ్మాయి. మేనేజర్ ఆ మొత్తాన్ని రెండు నెలల జీతంలో కోస్తామని చెప్పారు. ఆమె ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది? పదకొండు రోజుల తర్వాత అదే కౌంటర్‌లో మళ్ళీ తక్కువ వచ్చింది. ఈసారీ సరిగ్గా రూ.10,485.76. ఇక అనుమానం కాస్తా నిర్ధారణ అయిపోయింది. ఒకే మొత్తం రెండుసార్లు పోతే ఎవరో అలవాటు పడ్డారనే అనుకుంటారు.

పోలీసు ఫిర్యాదుకు ముందు సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి చూడమని యజమాని నన్ను పిలిచారు. ఆ అమ్మాయితో మాట్లాడితే ఆమె అన్నది ఒకటే మాట: "సార్, మా చీటీల్లో అన్నీ రూపాయలే. 76 పైసలు నేను ఎవరి దగ్గర తీసుకుంటాను?"

ఈ ప్రశ్నను నేను అప్పుడే పట్టుకుని ఉండాల్సింది. పట్టుకోలేదు. మూడు వారాలు ఆలస్యం చేశాను.

ముందు వెళ్ళిన దారులు

రిపోర్టులు తిరగేస్తే తేడా ఎక్కడుందో దొరికింది. రెండు రోజుల్లోనూ ఒక్కొక్క రసీదు. మొదటిదానిలో చందాదారు చేతి కాగితం మీద రూ.2,500 ఉంటే డేటాబేస్‌లో రూ.12,985.76 ఉంది. రెండోదానిలో రూ.5,000 కాస్తా రూ.15,485.76 అయింది. అంటే నగదు పోలేదు, కంప్యూటర్‌లో అంకె పెరిగింది. జీతంలో కోత ఆపించడానికి ఇది చాలు, ఆ రోజే ఆపించాను. కానీ అంకె ఎవరు పెంచారన్నది తేలకపోతే ఆమె మీద నీడ పోదు. కాగితం మీద ఒకటి ఇచ్చి, లోపల ఇంకొకటి ఎక్కించిందని అనగలరు.

జరిమానా, లాభాంశం లెక్కలు తప్పి ఆ మొత్తం కలిసిందేమోనని మొదట సాఫ్ట్‌వేర్‌ను అనుమానించాను. అదే రసీదు వివరాలతో పరీక్ష యంత్రం మీద వందలసార్లు ఎక్కించినా తప్పు రాలేదు. తర్వాత ఎవరైనా నేరుగా డేటాబేస్‌లోకి వెళ్ళి మార్చారేమో చూశాను. లాగిన్ల చిట్టాలో ఆ సమయంలో ఎవరూ లేరు. ఇక మిగిలింది డిస్క్ అనుకున్నాను. ఎస్ఎస్‌డీ తన ఆరోగ్యం బాగానే ఉందని చెబుతున్నా, పాతబడింది కదా అని మార్చేశాను.

నా తప్పు ఎక్కడుందో వివరంగా రాయాలి. ఆ డేటాబేస్‌లో పేజీ చెక్‌సమ్, అంటే పేజీలో ఉన్నదాన్నంతా కలిపి లెక్కగట్టే సరిచూపు సంఖ్య, ఆన్‌లోనే ఉంది. పోస్ట్‌గ్రెస్ 8,192 బైట్ల పేజీని డిస్క్‌కు రాసేముందు చెక్‌సమ్ లెక్కగట్టి పేజీ తలలో పెడుతుంది, తిరిగి చదివేటప్పుడు పోల్చి చూస్తుంది. బిట్ డిస్క్ మీద మారి ఉంటే చదివేటప్పుడే గోల చేసేది. చేయలేదంటే డిస్క్ తప్పు చేయలేదని అర్థం. పేజీ ర్యామ్‌లో ఉండగానే పాడైతే చెక్‌సమ్ ఆ పాడైన పేజీకే లెక్క కడుతుంది, తప్పుడు కాగితం మీద అసలైన ముద్ర పడ్డట్టు. ఈ ఒక్క ఆలోచన ముందే చేసి ఉంటే ఎస్ఎస్‌డీని ముట్టుకునేవాణ్ణి కాదు.

మార్చాక పన్నెండు రోజులు ఏ తేడా రాలేదు. సమస్య తీరిందని యజమానికి చెప్పాను కూడా. అది తీరడం కాదని తర్వాత తెలిసింది. డిస్క్ మార్చడానికి యంత్రాన్ని ఆపి మళ్ళీ వేశాను. రీబూట్ అయ్యాక ర్యామ్‌లో ఏ భాగం ఎవరికి దక్కుతుందో మారిపోతుంది. పాడైన చోటు కొన్నాళ్ళు ఎవరూ వాడని మూలలో పడి ఉంటుంది. "ఆపి వేస్తే బాగైంది" అన్న మాటను అప్పటి నుంచి నేను ఆధారంగా తీసుకోవడం లేదు.

మలుపు

మే రెండో వారంలో మూడోది వచ్చింది. రూ.1,500 రసీదు రూ.11,985.76 అయింది. ఈసారి వేరే కౌంటర్, వేరే క్యాషియర్, మొత్తం మాత్రం అదే.

అప్పుడు రిపోర్టులు పక్కన పెట్టి పోస్ట్‌గ్రెస్ రాసుకునే మార్పుల చిట్టా తెరిచాను. ప్రతి మార్పునూ పేజీలో నమోదు చేయడంతో పాటు దాన్ని వరుసగా ఇంకో ఫైల్లో కూడా రాస్తుంది. బ్యాకప్ కోసం ఆ ఫైళ్ళను దాచే ఏర్పాటు ముందే ఉండటం మా అదృష్టం. చిట్టాలో 1,50,000 పైసలు, పేజీలో 11,98,576 పైసలు. మధ్యలో ఆ వరుసను ఎవరూ సవరించినట్టు ఒక్క నమోదూ లేదు. పైసల్లో తీసివేస్తే వచ్చింది 10,48,576.

కంప్యూటర్ పని చేసేవాళ్ళకు ఈ అంకె ఇంటి నంబరులాంటిది. 2ను ఇరవైసార్లు వేసుకుని గుణిస్తే వచ్చేది ఇదే. అన్నాళ్ళూ రూపాయల్లో, మధ్యలో దశాంశ బిందువుతో చూస్తూ ఉండటం వల్ల కళ్ళెదుట ఉన్నది కనబడలేదు. 2003లో బెల్జియం ఎన్నికల్లో, బ్రస్సెల్స్ ప్రాంతంలోని స్కార్‌బెక్‌లో ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు ఎక్కువ పడిన ఉదంతం అప్పుడు గుర్తొచ్చింది. అదీ 2 ఘాతమే. మనిషి దొంగిలిస్తే గుండ్రటి అంకెను దొంగిలిస్తాడు, లేదా చేతికి అందినంత. 2 ఘాతాన్ని లెక్కపెట్టి దొంగిలించడు. ఆ సాయంత్రమే యజమానికి ఫోన్ చేసి, ఇందులో మనిషి చెయ్యి లేదని చెప్పాను.

ర్యామ్ అని అనుమానం ఖాయమైంది. ఆ రాత్రి కౌంటర్లు మూశాక ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ పెట్టాను. తెల్లారేసరికి నాలుగు ఆవృత్తాలు పూర్తయ్యాయి, తప్పులు సున్నా.

ఇక్కడ రెండు దారులు కనిపించాయి. పరీక్షను నమ్మి ర్యామ్‌ను వదిలేయడం, లేదా నా ఊహను నమ్మి పరీక్షలో లోపం వెతకడం. ఊహను ఊరికే నమ్మకూడదు కాబట్టి, పరీక్షతో సంబంధం లేని ఇంకో సాక్ష్యం దొరుకుతుందేమో చూశాను. పాడైన మూడు వరుసలూ పేజీలో సరిగ్గా ఎన్నో బైటు దగ్గర ఉన్నాయో కొలిచాను. ఆపరేటింగ్ సిస్టమ్ ర్యామ్‌ను 4,096 బైట్ల ముక్కలుగా పంచుతుంది. ర్యామ్‌లో ఒక బిట్ ఉండే అర ఒకటే పాడైతే, డేటాబేస్ పేజీ ఏదైనా సరే, ఆ అర 4,096 బైట్ల ముక్కలో ఎప్పుడూ ఒకే దూరంలో పడాలి. మూడు తప్పులూ ఒకే దూరంలో పడ్డాయి. రీబూట్‌కు ముందువి రెండూ పేజీ మొదటి సగంలో, తర్వాతది రెండో సగంలో. సగం మొదలు నుంచి కొలిస్తే బైటుకు బైటు ఒకటే.

ఆ దూరం తెలిశాక మిగతా పేజీల్లో అదే చోట ఏముందో పాత బ్యాకప్‌తో పోల్చి చూశాను. ఒక చిరునామా బయటపడింది. "గాంధీనగర్" కాస్తా "గాంధీసగర్" అయింది. ఎవరైనా చూస్తే టైపింగ్ తప్పు అనుకుంటారు. కానీ అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో, 16 ఆధారంగా అంకెలు రాసే హెక్సాడెసిమల్‌లో చూస్తే, "న" చివరి బైటు ఏ8, "స" చివరి బైటు బీ8. రెంటికీ తేడా ఒక్క బిట్, ఆ బైటులో ఐదోది. మొత్తాల్లో మారిన బిట్ కూడా 64 బిట్ల పూర్ణాంకంలో మూడో బైటు, ఐదో బిట్. తెలుగు అక్షరం, రూపాయల లెక్క, రెండూ ఒకే అరలో దెబ్బతిన్నాయి. ఆ రెండు బైట్లను కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి చూసుకున్న క్షణం నాకు ఇప్పటికీ బాగా గుర్తు.

మరి మెమ్‌టెస్ట్ ఎందుకు పట్టలేదు? తప్పులు పడిన సమయాలు చూశాను. అన్నీ మధ్యాహ్నం రెండుకూ నాలుగున్నరకూ మధ్య, కరెంటు పోయిన రోజుల్లో. నేను పరీక్ష పెట్టింది రాత్రి, ఏసీ వేసుకుని.

కంప్యూటర్లలో వాడే ఈ ర్యామ్ రకం పేరు డీర్యామ్. ఇందులో ఒక్కో బిట్ ఒక చిన్న కెపాసిటర్‌లో ఉండే చార్జ్. అది కారిపోతూనే ఉంటుంది కాబట్టి 64 మిల్లీసెకన్లలోపు ప్రతి వరుసనూ చదివి తిరిగి నింపుతారు. వేడెక్కేకొద్దీ కారడం పెరుగుతుంది. అందుకే చిప్ 85 డిగ్రీలు దాటితే రెట్టింపు వేగంతో నింపాలని ప్రమాణాలే చెబుతాయి. బలహీనమైన అర చల్లగా ఉన్నప్పుడు 64 మిల్లీసెకన్లు ఓర్చుకుంటుంది, వేడిలో ఓర్చుకోలేదు. అంకె ఎప్పుడూ పెరగడమే గానీ తగ్గకపోవడానికీ కారణం ఇందులోనే ఉంది. కొన్ని అరల్లో చార్జ్ ఉంటే 1, ఇంకొన్నింటిలో చార్జ్ ఉంటే 0 అన్నట్టు అమర్చుతారు. రెండో రకం అర ఖాళీ అయితే 0 కాస్తా 1 అవుతుంది. తిరిగి 1 నుంచి 0కు పోదు.

ర్యామ్ అమ్మిన దుకాణంవాళ్ళు "కాస్మిక్ కిరణాలండి, ఎవరేం చేస్తారు" అన్నారు. ఆ కారణం కల్పితమేం కాదు. చిప్ ప్యాకేజీలోని యురేనియం, థోరియం ఆనవాళ్ళ నుంచి వచ్చే ఆల్ఫా కణాలు బిట్లను మారుస్తాయని 1970ల చివర ఇంటెల్ ఇంజినీర్లు మే, వుడ్స్ చూపించారు. అంతరిక్షం నుంచి వచ్చే కణాల సంగతీ ఆ కాలంలోనే తేలింది. కానీ దారిన పోయే కణం నాలుగుసార్లు ఒకే అరను, ఒకే దిశలో, మధ్యాహ్నమే కొట్టదు.

ఆదివారం మధ్యాహ్నం ఏసీ ఆపి, తలుపు మూసి మళ్ళీ మెమ్‌టెస్ట్ పెట్టాను. గదిలో థర్మామీటర్ 41 డిగ్రీలు చూపించింది. రెండో ఆవృత్తంలో ఎర్ర వరుస వచ్చింది. ఒకే చిరునామా, తేడా బిట్ల గడిలో 00100000. హెక్సాడెసిమల్‌లో ఉన్న ఆ అంకెను మన లెక్కలోకి మారిస్తే 10,48,576. ఆ అమ్మాయి జీతంలోంచి కోయబోయిన మొత్తం, పైసల్లో, తెర మీద ఉంది.

ఏం చేశాం

ముందు ఆ ర్యామ్ ముక్క తీసేసి మిగిలిన 16 జీబీతో నడిపాను. లినక్స్‌కు ఆ చిరునామాను వాడొద్దని బూట్ సమయంలోనే చెప్పే వీలుంది. అలా చేస్తే ఖర్చు లేదు. చేయలేదు. ఒక అర బలహీనపడిన చిప్‌లో పక్కవి గట్టివని నమ్మడానికి నాకు ఆధారం లేదు, ఇవి జనం కష్టపడి కట్టే డబ్బుల లెక్కలు.

తర్వాత సంభాషణ ఈసీసీ గురించి. దుకాణంలో రెండు సలహాలు ఇచ్చారు. ఉన్న బోర్డులోనే ఈసీసీ ర్యామ్ పెట్టుకోమన్నారు. బోర్డు, ప్రాసెసర్ రెండూ మద్దతు ఇవ్వకపోతే ఆ ముక్క పనిచేయడమంటూ జరిగినా అదనపు బిట్లను ఎవరూ చదవరు. కొన్నామన్న తృప్తే మిగులుతుంది. రెండో సలహా డీడీఆర్5 యంత్రం, "అందులో ఈసీసీ చిప్‌లోనే ఉంటుందండి" అని. ఉంటుంది. ప్రతి 128 బిట్లకు 8 బిట్లు చేర్చి చిప్ తన లోపలి ఒక బిట్ తప్పును తానే దిద్దుకుంటుంది. మా బలహీన అరలాంటిదాన్ని అది బహుశా కప్పేసేది. కానీ చిప్ నుంచి ప్రాసెసర్‌కు వచ్చే దారిలో జరిగే తప్పుకు దానికి సంబంధం లేదు. దిద్దిన ప్రతి తప్పు సంగతీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేరదు. నాకు కావలసింది దిద్దడం కంటే ముందు చెప్పడం. ఎవరూ చెప్పకపోవడం వల్లే ఒక మనిషి మీద నింద పడింది.

అందుకే చివరి నుంచి చివరి దాకా ఈసీసీ ఉన్న చిన్న సర్వర్ తీసుకోమన్నాను. యజమాని తన అకౌంటెంట్ కూడా వినేలా వివరించమన్నారు. వాళ్ళకు ఇలా చెప్పాను.

1947లో బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ వారాంతాల్లో రిలే కంప్యూటర్‌కు పని అప్పగించి వెళ్ళేవారు. తప్పు పసిగట్టగానే యంత్రం ఆ పనిని వదిలేసి తర్వాతి పనికి పోయేది. తప్పుందని తెలుసుకోగలిగిన యంత్రం, అది ఎక్కడుందో తెలుసుకుని ఎందుకు దిద్దుకోలేదన్నది ఆయన ప్రశ్న. జవాబును 1950లో ప్రచురించారు. మీ దగ్గర 64 గడుల పుస్తకం ఉంది, ఏడుగురు ఆడిటర్లు ఉన్నారనుకోండి. ఒక్కొక్కరికీ కొన్ని గడులు అప్పగించాలి, కానీ ఏ రెండు గడులకూ ఒకే ఆడిటర్ల జట్టు ఉండకూడదు. ప్రతి ఆడిటరూ సొంత గడి ఒకటి చేర్చి తన గడుల్లో 1లను ముందే సరిసంఖ్యకు తెచ్చిపెడతాడు, తర్వాత అలాగే ఉన్నాయా అన్నది మాత్రం చూస్తాడు. ఒక గడి మారితే దాన్ని చూసేవాళ్ళు మాత్రమే అభ్యంతరం చెబుతారు. ఎవరెవరు చెప్పారన్నదే ఆ గడి చిరునామా. ఏడుగురు అవును, కాదు అంటే 128 రకాల జట్లు వస్తాయి. 64 గడులు, ఏడుగురి సొంత గడులు, "అంతా బాగుంది" అన్న ఒక్కటి కలిపి 72. 128లో 72 సులువుగా ఇముడుతాయి. ఎనిమిదోవాడు మొత్తం పుస్తకాన్ని ఒకేసారి చూస్తాడు. ఏడుగురిలో ఎవరో అభ్యంతరం చెప్పి, ఎనిమిదోవాడు బాగుందంటే రెండు గడులు తప్పాయని అర్థం. దాన్ని దిద్దలేం, కానీ తప్పుడు లెక్కతో ముందుకు పోకుండా ఆగిపోతాం. 64 బిట్లకు 8 అదనపు బిట్లు, ర్యామ్ ముక్క మీద ఎనిమిది చిప్‌ల చోట తొమ్మిది ఉండటం ఇందుకే.

"ఎనిమిదిమంది ఆడిటర్లకు ఇంతేనా ఖర్చు?" అన్నారు అకౌంటెంట్ గారు. ఆర్డర్ ఆ రోజే వెళ్ళింది.

యంత్రం వచ్చాక ఈసీసీ నిజంగా పనిచేస్తోందో లేదో చూడకుండా అప్పగించలేదు. యంత్రంలోని భాగాల వివరాలు చెప్పే డీఎంఐడీకోడ్ మొత్తం వెడల్పు 72 బిట్లు, డేటా వెడల్పు 64 బిట్లు అని చూపాలి. అది ర్యామ్ ముక్క సంగతే చెబుతుంది, కాబట్టి అంతటితో సరిపోదు. లినక్స్‌లోని ఈడాక్ డ్రైవర్ మెమరీ కంట్రోలర్‌ను గుర్తించి, దిద్దిన తప్పుల లెక్క, దిద్దలేని తప్పుల లెక్క విడివిడిగా చూపిస్తూ ఉండాలి. రాస్‌డీమన్ అనే ప్రోగ్రామ్ వాటిని రాసిపెట్టి నాకు మెయిల్ పంపేలా అమర్చాను. వాడని ర్యామ్‌ను కూడా నేపథ్యంలో చదువుతూ తప్పులు దిద్దే ఏర్పాటు బయోస్‌లో ఆపి ఉంటే ఆన్ చేశాను. లేకపోతే ఒకే 64 బిట్ల సమూహంలో రెండో బిట్ కూడా చెడేదాకా మొదటిది అలాగే ఉండిపోవచ్చు. ఏసీని కూడా ఇన్వర్టర్ మీదికి మార్పించాను.

డేటాను దిద్దడం

బ్యాకప్ నుంచి తిరిగి తెస్తే చాలదు. పాడైన పేజీలు బ్యాకప్‌లోకీ వెళ్ళాయి, మార్పుల చిట్టాలో అప్పుడప్పుడు రాసే పూర్తి పేజీ నకళ్ళలోకీ వెళ్ళి ఉండొచ్చు. అందుకని ఒక్కొక్క రసీదు మొదట చేరినప్పటి నమోదును చిట్టాలోంచి తీసి ప్రస్తుత విలువతో పోల్చాను. పైసలు 100తో నిశ్శేషంగా భాగించబడని మొత్తాలన్నీ వేరుచేశాను. అన్ని వాయిదాలూ పూర్తి రూపాయలే కాబట్టి, మారిన బిట్ ఎప్పుడూ 76 పైసల గుర్తు వదిలిపోతుంది. మొత్తాల్లో మూడు తప్ప ఇంకేవీ దొరకలేదు. చిరునామా ఒకటి.

దిద్దలేకపోయినది కూడా ఉంది. పోస్ట్‌గ్రెస్ సమయాన్ని మైక్రోసెకన్లలో 64 బిట్లుగా దాస్తుంది. అదే బిట్ ఒక సమయం గడిలో మారితే తేడా 1.05 సెకన్లు. రసీదు ఒక సెకను తర్వాత కొట్టినట్టున్నా ఎవరికీ తెలియదు. అలాంటివి ఉంటే ఇప్పటికీ ఆ పట్టికలో ఉన్నాయి. ఈ మాట నివేదికలో స్పష్టంగా రాశాను.

ఇప్పుడు నా పద్ధతిలో మారినవి

తేడా వస్తే దాన్ని కంప్యూటర్ దాచే ప్రమాణంలోకి మార్చి చూస్తాను. రూపాయలు కాదు పైసలు, గంటలు కాదు మైక్రోసెకన్లు. వచ్చింది 2 ఘాతమైతే మనుషుల్ని అడగడం ఆపేస్తాను. మెమ్‌టెస్ట్ శుభ్రంగా వచ్చిందంటే ఆ గంటలో, ఆ వేడిలో బాగుందని మాత్రమే తీసుకుంటాను.

వేడి విషయంలో ఒక జాగ్రత్త. గూగుల్ యంత్రాల మీద ష్రోడర్, పిన్‌హేరో, వెబర్ 2009లో ప్రచురించిన పరిశోధనలో ఉష్ణోగ్రత ప్రభావం అనుకున్నదానికంటే చాలా తక్కువగా కనిపించింది. నా కేసు దానికి విరుద్ధం కాదనుకుంటాను. చల్లబరిచే డేటా సెంటర్ వేరు, తలుపు మూసిన 41 డిగ్రీల గదిలో ముందే బలహీనపడిన అర వేరు. అదే పరిశోధనలో ఏడాదిలో సుమారు 8 శాతం ర్యామ్ ముక్కల్లో దిద్దిన తప్పులు కనిపించాయి, ఒకసారి తప్పు చేసిన ముక్క మళ్ళీ చేసే అవకాశం ఎక్కువని తేలింది. నేను పెట్టుకున్న హద్దు ఇందులోంచే వచ్చింది. ఒక చిరునామాలో ఒకసారి వస్తే రాసుకుని ఊరుకుంటాను. అదే చిరునామా రెండోసారి వస్తే ముక్క మార్చేస్తాను.

కొత్త సర్వర్ పెట్టిన మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. దిద్దిన తప్పు ఒకటి, దిద్దలేనివి సున్నా. ఫోన్ చేసి కౌంటర్ లెక్క సరిపోయిందా అని అడిగాను. ఎత్తింది ఆ అమ్మాయే. పైసాతో సహా సరిపోయిందని చెప్పింది. ఆ చిరునామా మళ్ళీ రాలేదు, ఆ ముక్క ఇంకా అందులోనే ఉంది.